ఉంగరం అని చెప్పి కొన్న మిషిన్

నేను రాయబోయేది నడుముకు కట్టుకునే వస్తువు గురించి. ఆడవాళ్ళు చదివితే ఏమనుకుంటారోనని మొదలుపెట్టి, ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టాను. బడికి పోయింది ఐదో తరగతి వరకే. ఇంతకుముందు నేను రాసిందంటే, ఇంటికి కార్గో వేసేటప్పుడు డబ్బా మీద లావు మార్కర్‌తో రాసే ఊరు, మండలం, జిల్లా. అంతే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ వస్తువు మొలతాడు. వెండిది.

మా కరీంనగర్ వైపు మగవాడి నడుముకు మొలతాడు ఉండాలి. పుట్టిన కొన్నాళ్ళకు నల్లదారం కడతారు. మనిషి పోయాకనే తెంపుతారు. మధ్యలో ఒక్క పూట కూడా నడుము ఉత్తగా ఉండకూడదంటారు. దారం పాతబడినా, కొత్తది కట్టుకున్నాకే పాతది తీస్తాం. దుబాయి పోయొచ్చిన వాళ్ళైతే వెండిది చేయించుకుంటారు. బహ్రెయిన్ అన్నా కువైట్ అన్నా మా వాళ్ళకు అన్నీ దుబాయే. నేను ఈ బహ్రెయిన్‌కు వచ్చి చాలా ఏళ్ళైనా వెండిది చేయించుకోలేదు. ఎప్పుడూ ఇంకేదో ఖర్చు ముందుకొచ్చేది.

చివరికి నా భార్య చేయించింది. ఆమె బీడీలు చేసేది. పొద్దున చాట ఒళ్ళో పెట్టుకుంటే మళ్ళీ పొద్దు గూకేదాకా తునికాకు కత్తిరిస్తూ, చుడుతూనే ఉండేది. నడుము నొప్పి బాగా ముదిరి ఆ పని మానేసినప్పుడు పీఎఫ్ డబ్బులు వచ్చాయి. తనకొక చీర కూడా కొనుక్కోలేదు. నేను సెలవు మీద పోయేసరికి మొలతాడు సిద్ధంగా ఉంది.

"మా తమ్మునికున్నది, ఎదురింటాయనకున్నది. నీకెందుకుండొద్దు?" అంది.

తానే కట్టింది. కొక్కెం పెట్టేటప్పుడు "జెర పొట్ట లోపటికి గుంజు" అని నవ్వింది. కొక్కెం మీద చిన్న పువ్వు ఉండేది. కంసాలి దగ్గర కూర్చుని ఆమే గీయించిందట.

దాన్ని నేను పోగొట్టాను.

మాది మెయింటెనెన్స్ కంపెనీ. క్యాంపు తుబ్లీలో. పొద్దున బస్సు మమ్మల్ని అమ్వాజ్‌లో దించుతుంది. అక్కడ పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల వెనక వాళ్ళ సొంత బీచ్ ఉంటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు తీసి బండికెత్తడం, ఇనుప పళ్ళ రేక్‌తో ఇసుక గీకి చదును చేయడం నా డ్యూటీ. పోయిన ఎండాకాలం నేను బాగా చిక్కిపోయాను. మొలతాడు తుంటి మీదికి జారుతోందని తెలుసు. కొక్కెం నాలుగు లంకెలు లోపలికి పెట్టుకుంటే సరిపోయేది. చేద్దాంలే అనుకున్నాను.

ఒకరోజు డ్యూటీ అయ్యాక ఒంటికి పట్టిన నాచు జిగురు పోవడానికి మోకాలిలోతు నీళ్ళలో కూర్చుని కడుక్కుంటున్నాను. బస్సువాడు హారన్ మీద హారన్ కొట్టాడు. తడి ప్యాంటు పైకి లాక్కుంటూ ఇసుకలో పడి పరుగెత్తాను. క్యాంపుకు వచ్చి స్నానానికి బట్టలు విప్పితే నడుము చుట్టూ తెల్లటి గీత ఒక్కటే మిగిలింది. మొలతాడు ఒత్తుకున్న చోట, అది ఎట్లా ఉండేదో అట్లాగే, గీత.

ఆ రాత్రికి నడుము ఉత్తగా ఉండకూడదని, సామాన్ల గదిలో తాపీవాళ్ళు గోడ కట్టేటప్పుడు లాగే నైలాన్ దారం ఉంటే ముక్క కోసి కట్టుకున్నాను. ఆరెంజ్ రంగుది. క్యాంపులో స్నానాల గదులకు తలుపులుండవు. మరునాడే మా రూమ్‌లో ఉండే అతను చూశాడు. అతనిది మా పక్క ఊరు. నా భార్యను అక్క అంటాడు కాబట్టి నన్ను బావ అంటాడు, నేను బామ్మర్ది అంటాను. అతను తాపీపని చేస్తాడు.

"ఏందే బావా, నడుముకు లైన్‌దారం గట్టినవ్? ఎటు వంకర పోయిందో చూస్తున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. వెండిది కడిగించడానికిచ్చానని చెప్పాను. నవ్వుతూ చెప్పాను కాబట్టి ఎవరూ మళ్ళీ అడగలేదు.

కొత్తది చేయించుకుని కట్టుకుపోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. మనామాలో వెండి దుకాణాల అద్దాల ముందు నిలబడి చూశాను కూడా. కానీ ఆ పువ్వు ఆమె గీయించింది. చూడగానే పట్టేస్తుంది. ఇంకో మూడు నెలల్లో నా సెలవు ఉంది. ఆ లోపల అదే మొలతాడు, ఆ కొక్కెంతోనే నా నడుముకు ఉండాలి. అప్పటి నుంచి నా తలలో ఇంకో ఆలోచన లేదు.

డ్యూటీలో రేక్ లాగుతూ కళ్ళతో వెతికేవాణ్ణి. పోయిన చోటు నాకు సుమారుగా తెలుసు. నేను కూర్చున్న నీళ్ళ దగ్గర నుంచి బస్సు ఆగే పంపు రూమ్ దాకా పరుగెత్తిన దారి. ఆ పట్టీలోనే ఎక్కడో ఉంది. కానీ ఇసుక కదులుతుంది. కళ్ళతో అయ్యే పని కాదు.

ఒకరోజు ఒక ముసలి తెల్లాయన చేతిలో పొడుగు కర్ర, దాని చివర పళ్ళెమంత చక్రం పెట్టుకుని ఒడ్డు వెంట ఊపుకుంటూ పోతున్నాడు. అది టుయ్యిమంది. ఆయన వంగి తవ్వి ఒక నాణెం తీసి, తుడిచి జేబులో వేసుకున్నాడు. నేను రేక్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. అదేందని సెక్యూరిటీ నేపాలీని అడిగితే, "మెటల్ డిటెక్టర్ భాయ్. మట్టిలో ఉన్న లోహం చెబుతుంది" అన్నాడు.

ఆ శుక్రవారం ఈసా టౌన్‌లో పాత సామాన్ల బజారుకు పోయాను. పాత ఫ్యాన్లు, చేపల గాలాలు, రేడియోలు, మిక్సీలు అమ్మే ఒక దుకాణంలో అవి గోడకు వేలాడుతున్నాయి. దుకాణం నడిపేది హైదరాబాదు ఆయన. నేను హిందీలో మొదలుపెడితే, నా హిందీ విని నవ్వి, "తెలుగుల మాట్లాడు భాయ్, నాకొస్తది. ఏ దిక్కు మీది?" అన్నాడు.

"కరీంనగర్ దిక్కు."

"మనోడివే అయితే. కూసో."

నా జేబులో ఒక నెల ఓవర్‌టైం ఉంది. అంతకు మించి పెట్టే వీలు లేదు. అందుకని అన్నిటికంటే తక్కువ ధర ఉన్న పసుపు రంగుది తీసి పట్టుకున్నాను. తేలిగ్గా ఉంది. లైట్లు కూడా ఉన్నాయి.

"అది పిల్లలు ఆడుకునేది," అన్నాడు. "ఏలంత లోతు కూడా చూడదు. ఉప్పు తడి తగిలిందంటే ఊకనే ఒర్లుతది. నువ్వేడ తిప్పుతవ్? ఎండు ఇసుకలనా, తడి ఇసుకలనా, నీళ్ళ లోపటనా?"

"తడి ఇసుకల. ఒడ్డుకు."

"అయితే అది పనికిరాదు."

పక్కన సూట్‌కేసులో పెద్దది ఒకటి ఉంది. అట్ట మీద బంగారు నాణేల బిందె బొమ్మ. నేను దాని వైపు చూడటం ఆయన గమనించాడు.

"అది పిచ్చోళ్ళ కోసం భాయ్. బిందె దొరుకుతదని కొంటరు. పాత కోటల కాడ, సమాధుల దిబ్బల కాడ తిప్పినవనుకో, తీస్కపోయి లోపటేస్తరు. గా దిక్కే చూడకు. నీకు గిది మంచిది." పైన కొక్కేనికి వేలాడుతున్న పాతది ఒకటి దించాడు. రంగు పోయింది, చెయ్యి ఆనించే చోట టేపు చుట్టి ఉంది. "ఎవరో తెల్లోడు ఊరికి పోతా అమ్మిండు. చూడనీకి ఎట్లనో ఉంటది గాని ఉప్పు తడికి తట్టుకుంటది. గీ నాబ్ తోని అడ్డమైన చెత్తకు అరవకుండ చెయ్యొచ్చు. గంతే. ఇగ ఇంకో మాట చెప్పు. ఏం ఎతుకుతవ్ నువ్వు?"

నేను నోరు తెరిచాను.

అప్పుడే పక్కన ఒక జంట మిక్సీ బేరం చేస్తోంది. తెలుగువాళ్ళే. ఆమె మెడలో సన్నటి శిలువ గొలుసు. మమ్మల్ని తెలుగులో వినేసరికి ఇద్దరూ ఇటు తిరిగి మనవాళ్ళే అన్నట్టు నవ్వారు. ఆమె ముందు నేను మొలతాడు అనాలి. నడుముకు కట్టుకునేది, బట్టల లోపల ఉండేది, జారిపోయిందని చెప్పాలి. మొలతాడు కూడా నిలుపుకోలేని మనిషి అని మా దగ్గర ఒక మాట విసురుతారు. అది చెవుల్లో మోగింది.

"ఉంగరం," అన్నాను.

"అయ్యో, పెళ్ళుంగరమా అన్నా?" అంది ఆమె.

"ఆఁ."

"సముద్రంలో పోయిందా? బాధపడకండన్నా, దొరుకుద్ది. ఇవాళ చర్చి కూడికలో మీ ఉంగరం కోసం ప్రార్థన చేపిస్తాను. కదండీ?" అని భర్త వైపు తిరిగింది. ఆయన మిక్సీ జార్ పట్టుకుని తలూపాడు. నేను నేల చూశాను.

దుకాణం ఆయన తన వేలి ఉంగరం తీసి నేల మీద పెట్టాడు. పక్కన సిగరెట్ పెట్టెలోని రేకు, సోడా మూత పడేశాడు. నాబ్ కొంచెం కొంచెం తిప్పుతూ చక్రం ఊపాడు. రేకుకు చప్పుడు లేదు. మూతకు లేదు. ఉంగరం మీదికి రాగానే టుయ్యిమని పలికింది. "చూసినవా!" అని పెన్నుతో నాబ్ పక్కన గీత పెట్టాడు. "గీ గీత మీదనే ఉంచు. చెత్తకు అరవదు. ఉంగరమైతే వదలదు."

డబ్బులిచ్చి, చక్రాన్ని అట్టలో చుట్టించుకుని బయటపడ్డాను. కొనేటప్పుడు సంతోషంగా ఉండాలి కదా. నాకు ఒళ్ళంతా దొంగతనం చేసి వస్తున్నట్టు ఉంది.

మంచం కింద దాచాను. అక్కడ ఎంతసేపు దాగుతుంది? బామ్మర్ది చెప్పులు వెతుక్కుంటూ వంగి, కర్ర బయటికి లాగాడు.

"ఏందే ఇది? గడ్డి కోసే మిషినా? ఈడ గడ్డేడుందే బావా?"

"ఊకె. శుక్రారం శుక్రారం బీచ్‌ల చిల్లర ఏరుకుందామని."

"అరె, బావ బంగారం తవ్వుతుండుర!" అని అరిచాడు. "బిందె దొరికితే రూమంతటికి బిర్యానీ! లేకపోతే ఆ మంచం కిందికెళ్ళి నిన్నే తవ్వి తీస్తం!"

అప్పటి నుంచి రూమ్‌లో నా పేరు బంగారం. అన్నం పెట్టుకుందామంటే "బంగారం వచ్చింది, జరుగుండ్రి" అనేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేవాణ్ణి. ఈ వయసులో జీతం డబ్బు ఆటబొమ్మ మీద పెట్టాడని వాళ్ళు అనుకుంటున్నారు. నిజం చెబితే ఇంకా నవ్వుతారు. అందుకని ఆటబొమ్మే నయమనుకున్నాను.

మొదటి శుక్రవారం అమ్వాజ్ పోయాను. సెలవు రోజైనా సెక్యూరిటీ నేపాలీ నన్ను ఎరుగును కాబట్టి ఒడ్డు చివరన తిప్పుకోనిచ్చాడు. నాకున్నవి రెండే జతలు. ఒకటి రబ్బరు చెప్పులు, అవి ఇసుకలో తెగుతాయి. రెండోది కంపెనీ సేఫ్టీ బూట్లు. బూట్లు వేసుకుపోయాను.

మిషిన్ ఆన్ చేసి అడుగు వేశానో లేదో టుయ్యిమంది. తవ్వాను. ఏమీ లేదు. ఇంకో అడుగు. టుయ్యి. తవ్వాను. ఏమీ లేదు. ఎక్కడ నిలబడితే అక్కడ పలుకుతోంది. చెమట కారిపోతోంది. వెనక్కి చూస్తే నేను నడిచిన దారంతా గుంతలు. దుకాణం ఆయన నాకు పాడైపోయింది అంటగట్టాడని కోపం వచ్చింది. మనోడివే అంటూనే మోసం చేశాడనుకున్నాను.

సెక్యూరిటీ అతను చాలాసేపు చూసి, నవ్వు ఆపుకోలేక దగ్గరికి వచ్చాడు. "భాయ్, జూతా!" అని నా కాళ్ళు చూపించాడు.

సేఫ్టీ బూట్ల ముందు భాగంలో, వేళ్ళ మీద బరువు పడకుండా ఇనుప టోపీ ఉంటుంది. అంత పెద్ద ఇనుము కాబట్టి మిషిన్ నా కాళ్ళకే అరుస్తోంది. పొద్దున్నుంచి నేను నా వేళ్ళనే తవ్వుకుంటున్నాను. పైన బాల్కనీల్లో టీ తాగుతున్న వాళ్ళు కూడా ఎప్పట్నుంచి చూస్తున్నారో తెలియదు. బూట్లు విప్పి పంపు రూమ్ దగ్గర పెట్టి, ఆ గుంతలన్నీ పూడ్చాను. ఇసుక కాలుతున్నా వట్టి కాళ్ళతోనే తిరిగాను.

బూట్లు లేకుండా మిషిన్ బుద్ధిగా ఉంది. రేకుకు అరవలేదు, మూతలకు అరవలేదు. ఆ శుక్రవారం, ఆ తర్వాత శుక్రవారాలు, నీళ్ళ దగ్గర నుంచి పంపు రూమ్ దాకా పొలంలో సాలు పట్టినట్టు వరసగా తిప్పాను. కొన్ని ఫిల్సులు, ఇక్కడి చిల్లర, దొరికాయి. ఒక తాళంచెవి. ఒక పాత సీసం ముద్ద, గాలానికి కట్టేది. మొలతాడు దొరకలేదు. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు ఎప్పుడూ చొక్కా వేసుకుని మంచం మీద గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఎందుకంత పద్ధతిగా కూర్చుంటున్నావని కూడా ఆమె అడిగింది. ఏసీ చల్లగా ఉందని చెప్పాను.

తర్వాత ఒక శుక్రవారం మిషిన్ గట్టిగా పలికింది. ఎన్నడూ అంత శుభ్రంగా పలకలేదు. మోకాళ్ళ మీద కూలబడి చేతులతో తవ్వాను. ఇసుకలో మెరిసింది.

ఉంగరం.

ఆడవాళ్ళది, సన్నటి బంగారు ఉంగరం. మధ్యలో చిన్న తెల్లరాయి. అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, ఇసుకలో కూర్చునే నాకు ఏడుపు వచ్చింది. ఎవరో తెలియని ఆమె నా కోసం పోయి కూడికలో ప్రార్థన చేయించింది. నేను దుకాణంలో ఏది అడిగానో అదే దొరికింది.

సెక్యూరిటీ అతనికిచ్చాను, అతను ఆఫీసులో ఇచ్చాడు. రెండు రోజులకు మూడో అంతస్తులో ఉండే ఆమె వచ్చి అది తనదేనని తీసుకుందట. నా కోసం చాక్లెట్ డబ్బా పంపింది. ఫోర్‌మెన్ బస్సులో అందరి ముందు దాన్ని పైకెత్తి చూపించి, "నిజాయితీ అంటే ఇది, చూడండి" అని హిందీలో చెప్పి నా చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. చాక్లెట్లన్నీ పంచేశాను. నేను ఒక్కటి కూడా తినలేకపోయాను.

బామ్మర్ది పక్కన కూర్చుని చాక్లెట్ నములుతూ అడిగాడు. "అంత బంగారం దొరికిన్నాడు గూడ మొఖం గట్ల పెట్టుకున్నవేందే? నువ్వు నిజంగ ఏం ఎతుకుతున్నవ్ బావా?"

"ఏం లేదు," అన్నాను.

ఆ వారమే గురువారం ఫోర్‌మెన్ కొత్త పని చెప్పాడు. శనివారం ఇసుక ట్రక్కులు వస్తున్నాయి. బీచ్‌లో ఇసుక అరిగిపోయిందని, పంపు రూమ్ నుంచి నీళ్ళ దాకా కొత్త ఇసుక మోకాలెత్తు పోసి చదును చేయాలి. ఎవరెవరు ఏ పక్క నిలబడాలో కూడా చెప్పాడు. నా వంతుకు పంపు రూమ్ పక్కే వచ్చింది.

ఇక నాకు మిగిలింది ఒక్క శుక్రవారం. మిషిన్ మంచిదే. ఉంగరం పట్టింది కదా. మరి మొలతాడును ఎందుకు పట్టలేదు? గురువారం సాయంత్రమంతా నాబ్ పక్కన పెన్ను గీతనే చూస్తూ కూర్చున్నాను. ఆ గీత నేను చెప్పిన అబద్ధం మీద పెట్టింది. అప్పటికి గాని నాకు తట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే దుకాణం తెరవకముందే పోయి నిలబడ్డాను. అయినా తెరవగానే బేరాలు చేసేవాళ్ళు నిండిపోయారు. నేను కౌంటర్ మీదికి వంగి చిన్నగా చెప్పాను.

"అన్నా, నేను ఎతికేది ఉంగరం గాదు."

"మరి?"

"మొలతాడు."

"క్యా?"

"మొలతాడు. వెండిది."

"నడుముకు కట్టేదా? చాందీకా?" ఆయన గొంతు చిన్నగా రాదు. ఫ్యాన్లు చూస్తున్న ఇద్దరు ఇటు తిరిగారు. నా చెవులు కాలిపోయాయి. ఆయన నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది. నుదురు కొట్టుకున్నాడు.

"అరె భాయ్! గా ముచ్చట ఆనాడు చెప్పాలె గద! ఉంగరమంటే ఒక్క ముద్ద. గొలుసు ముద్ద గాదు, మిషిన్‌కు అది సన్న సన్న తునకలు. ఒక్కొక్క లంకె సిగరెట్ రేకు లెక్క కొడతది. రేకుకు అరవొద్దని నేనే పెట్టిస్తిని. నీ మొలతాడు మీదికెళ్ళి నువ్వెన్నిసార్లు పోయినవో ఏమో!"

నేను మిషిన్‌ను కౌంటర్ మీద పెట్టాను.

"నీకు సిగ్గెందుకయ్యా నాతోని? నేనేమన్న నీ అత్తగారినా?" అని నాబ్‌ను కిందాకా తిప్పేశాడు. పాత డబ్బాల్లో వెతికి చిన్న చక్రం ఒకటి తీసి, పెద్దది విప్పి అది బిగించాడు. దానికి డబ్బులు తీసుకోలేదు. "ఇప్పుడు ప్రతి దానికీ ఒర్లుతది. ప్రతి కూతకు తవ్వాలె. ఒక్కనితోని గాదు, ఎవర్నన్న తోలుకపో."

ఎవర్ని తోలుకుపోవాలి? క్యాంపుకు వచ్చి బామ్మర్దిని బయటికి పిలిచాను. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబెట్టి, అతని ముఖం చూడకుండా అంతా చెప్పాను. అతను మొదట ఫక్కున నవ్వాడు. మధ్యలోనే ఆపేశాడు.

"అక్క బీడీల పైసలతోని చేయించిందా?"

"ఆఁ."

"అక్కకు చెప్పినవా?"

"లేదు."

"నాకన్న చెప్తే నీ సొమ్మేం పోయేదే? లైన్‌దారమని గంత ఆగం చేస్తిని నిన్ను." అతను లోపలికి పోయి, మెస్‌లో చపాతీ పిండి జల్లించే జల్లెడ చంకలో పెట్టుకుని వచ్చాడు. "నడువ్. వంటోడు చూడకముందే పోవాలె."

మధ్యాహ్నం మొదలుపెట్టాం. మిషిన్ ఊపిరి తీసుకోలేదు. రేకు, పిన్ను, సోడా మూత, జుట్టు పిన్ను, బ్యాటరీ ముక్క. నేను తవ్వి పారతో జల్లెడలో పోస్తే అతను జల్లించాడు. శుక్రవారం కదా, సాయంత్రానికి కుటుంబాలు దిగాయి. పిల్లలు మా చుట్టూ మూగితే తల్లులు వాళ్ళను వెనక్కి లాక్కుపోయారు. ఒకామె దగ్గరికి వచ్చి ఏం చేస్తున్నారని అడిగింది.

"పైప్ లీకేజ్, మేడమ్!" అన్నాడు బామ్మర్ది జల్లెడ ఊపుతూనే. ఆమె పోయాక నాతో, "నిన్ను చూసి గాదు, జల్లెడను చూసి వచ్చిందే. పిండి దొరుకుతదేమో అనుకుంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు గాని అతను నవ్వించాలని చూస్తున్నాడని తెలిసింది.

పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వినబడేటప్పటికి పంపు రూమ్ వైపు సగం కూడా కాలేదు. సెక్యూరిటీ అతను ఖలాస్, ఇక చాలు అని చెయ్యూపాడు. ఇంకొక్కసారి అని నేను చక్రం ఊపాను. కిచకిచమని సన్నగా, తెగి తెగి పలికింది. ఇన్ని వారాలూ అటువంటి చప్పుడుకు మిషిన్ నోరు మూసుకుని ఉంది. తవ్వి జల్లెడలో పోశాను. ఇసుక దిగిపోయాక మెష్ మీద నల్లటిది ఒకటి మిగిలింది. బామ్మర్ది దాన్ని చొక్కా అంచుతో రుద్దాడు.

కొక్కెం. దాని మీద పువ్వు. కొక్కేనికి జానెడు కూడా లేని గొలుసు ముక్క.

తెగిన చోట లంకె సాగిపోయి ఉంది. రేక్ పంటికి తగిలి లాగితే అట్లా తెగుతుంది. ఆ చోట రేక్ లాగేది నేనొక్కణ్ణే. మిగతాది ఎటు ఈడ్చుకుపోయానో, నాచుతో పాటు బండికెత్తానో, ఇంకా అక్కడే ఉందో. చీకటి పడింది. సెక్యూరిటీ అతను గేటు దగ్గర నిలబడ్డాడు. మేము వచ్చేశాం.

శనివారం ట్రక్కులు వచ్చాయి. తెల్లటి, మెత్తటి ఇసుక. పంపు రూమ్ పక్కన కుప్పలుగా పోశారు. నేను పార పట్టుకుని ఫోర్‌మెన్ దగ్గరికి పోయాను. ఈ ఒక్క పట్టీ రేపటికి వదిలేయమని అడుగుదామనే పోయాను. చిన్న మాట. ఆయన మంచోడే, చాక్లెట్ డబ్బా పైకెత్తి చూపించినాయనే.

"ఏం?" అన్నాడు.

చుట్టూ మా వాళ్ళంతా పారలతో నిలబడి ఉన్నారు.

"పానీ," అన్నాను. ఆయన నీళ్ళ క్యాన్ చూపించాడు. తాగి వచ్చి, ఇసుక ఎత్తి పోయడం మొదలుపెట్టాను. నేను తిప్పిన సాళ్ళ మీద, నిన్న తవ్వగా మిగిలిన చోట మీద, అంతటా నేనే పోశాను. నేనే చదును చేశాను. బామ్మర్దికి వేరే సైట్‌లో డ్యూటీ. అతను ఉంటే అడిగేవాడేమో.

ఆ సాయంత్రం చొక్కా కూడా మార్చుకోకుండా ఇంటికి ఫోన్ చేశాను. వీడియో పెట్టలేదు.

"ఏందట్ల ఉన్నది గొంతు? పాణం మంచిగలేదా?" అంది.

చెప్పాను. నీళ్ళలో కూర్చున్న కాడి నుంచి ఇసుక పోసిన దాకా. చెప్పడం అయిపోయింది. వెనక టీవీ చప్పుడు, ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించాయి.

"ఎండకాలమా పోయింది?" అంది చివరికి.

"ఎండకాలం ఆఖర్ల."

"అప్పటిసంది రోజు మాట్లాడుతనే ఉన్నవ్ గద నాతోని."

"ఆఁ."

"మీ రూమ్‌ల తమ్మునికి ఎప్పుడు చెప్పినవ్?"

"నిన్న."

"గా మిషిన్ అమ్మేటాయనకు?"

"నిన్ననే. పొద్దున."

"నలుగురు ఉన్నరన్నవ్ దుకాణంల."

"ఉన్నరు."

ఆమె ఊపిరి వదిలింది. ఏడుస్తోందా, కోపంగా ఉందా, నాకు తెలియలేదు. వీడియో పెట్టి ఉంటే తెలిసేది. పెట్టే ధైర్యం లేదు.

"ఎండి పోతే పోయింది. నడుమున్నది, ఇంకోటి గట్టొచ్చు. నిన్ను నేనేమన్న అంటుంటినా? ఎన్నడన్న అన్ననా? బజార్ల మిక్సీలమ్మే పరాయాయనకు నలుగుర్ల చెప్పనీకి వచ్చింది. నాకు చెప్పనీకి సిగ్గైందా నీకు?"

ఏసీ అనో, నెట్‌వర్క్ అనో ఇంకొకటి చెప్పొచ్చు. అలవాటైంది కదా. నోట్లో దాకా వచ్చింది కూడా.

"అయింది," అన్నాను.